ఎంత, ఎన్ని, కొంచెమే

రాత్రి డ్యూటీ నర్సు పేషెంటు కాగితం మీద ‘షీ డ్రాంక్ ఎ లిటిల్ వాటర్’ అని రాసిందనుకోండి. పొద్దున వచ్చిన నర్సు అది చదివి, పరవాలేదు, కాసిని నీళ్ళు లోపలికి వెళ్ళాయి అనుకుంటుంది. అదే వాక్యంలో ఆ ‘ఎ’ జారిపోయి ‘షీ డ్రాంక్ లిటిల్ వాటర్’ అని మిగిలితే అర్థం మారిపోతుంది. నీళ్ళు పెద్దగా తాగలేదు, ఒంట్లో నీరు తగ్గుతోందేమో చూసుకోండి అన్న హెచ్చరిక అవుతుంది. తాగిన నీళ్ళు రెండు వాక్యాల్లోనూ అవే కావచ్చు, ఓ అరగ్లాసు. మొదటి వాక్యం లోపలికి వెళ్ళిన నీళ్ళ గురించి చెబుతోంది, రెండోది వెళ్ళాల్సి ఉండీ వెళ్ళని నీళ్ళ గురించి.

గుంటూరులో సాయంత్రం పూట నర్సులకు ఇంగ్లీషు చెప్పడం నా పని. బ్రిటన్‌కో ఐర్లాండ్‌కో వెళ్ళాలని ఓఈటీ, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలకు తయారయ్యే అమ్మాయిలు నా క్లాసుకు వస్తారు. పల్నాడు పిల్లలు, ప్రకాశం జిల్లా పిల్లలు, అప్పుడప్పుడు నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు. పగలంతా వార్డులో నిలబడి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంటారు. జబ్బుల పేర్లు, మందుల పేర్లు ఇంగ్లీషులో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. తడబాటంతా చిన్న మాటల దగ్గరే: మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్, లెస్, సమ్, ఎనీ. బజారులో దొరికే గ్రామరు పుస్తకాలు వీటిని గళ్ళ పట్టికల్లో పెట్టి బట్టీ పట్టమంటాయి. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. తెలుగు ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ తేడాల్లో చాలావరకు ముందే తెలుసు. తెలుసన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ ‘ఎ’ సంగతే చూడండి. పంచదార కొంచెం ఉంది అని వంటింట్లోంచి వినిపిస్తే, సరే, ఈ పూటకు టీ అవుతుంది. కొంచెమే ఉంది అని వినిపిస్తే ఎవరో ఒకరు చెప్పులేసుకుని కొట్టుకు బయల్దేరాలి. రెంటికీ తేడా ఒక్క ఏకారం. మన ‘కొంచెం’ ఇంగ్లీషులో ఎ లిటిల్. మన ‘కొంచెమే’ ఆ ఎ లేని లిటిల్. మనం ఒక అక్షరం చేర్చి చెప్పేదాన్ని వాళ్ళు ఒక అక్షరం తీసేసి చెబుతారు. లెక్కపెట్టగలిగినవాటికి లిటిల్ బదులు ఫ్యూ వస్తుంది, పద్ధతి మాత్రం అదే. పెళ్ళికి ఎ ఫ్యూ ఫ్రెండ్స్ వచ్చారంటే కొందరు స్నేహితులు వచ్చారని. ఫ్యూ ఫ్రెండ్స్ వచ్చారంటే కొందరే వచ్చారని, పిలిచినవాళ్ళకు మనసు చివుక్కుమందని.

ఇది చెప్పిన రోజున మాచర్ల వైపు అమ్మాయి ఒకామె అడిగింది: “మేడమ్, నొప్పి కొంచెమే ఉందంటే మంచిదే కదా, మరి దానికీ లిటిల్ అనే అనాలా?” అనాలి. షీ హాజ్ లిటిల్ పెయిన్ అంటే నొప్పి పెద్దగా లేదు, ఊరట. షీ హాజ్ ఎ లిటిల్ పెయిన్ అంటే నొప్పి కొంత ఉంది, ఓ కంట కనిపెట్టాలి. నీళ్ళ విషయంలో భయపెట్టిన లిటిల్ ఇక్కడ ధైర్యం చెబుతోంది. కాబట్టి లిటిల్ అనేది చెడ్డ కబురనీ, ఎ లిటిల్ మంచి కబురనీ నేర్పే పుస్తకాలు సగమే చెబుతున్నాయి. ‘లేదు’ వైపు మొగ్గు లిటిల్‌ది, ‘ఉంది’ వైపు మొగ్గు ఎ లిటిల్‌ది. మంచా చెడా అన్నది ఆ వస్తువును బట్టి ఉంటుంది.

ఇంకో మాట కూడా వాళ్ళకు చెబుతాను. ఎ లేని ఫ్యూ, లిటిల్ రాతలో బాగుంటాయి గానీ నోట కాస్త పుస్తకభాషలా వినిపిస్తాయి. మాటల్లో ఇంగ్లీషువాళ్ళు ఎక్కువగా నాట్ మచ్, నాట్ మెనీ, ఓన్లీ ఎ ఫ్యూ అంటారు. మనం పెద్దగా తాగలేదు, ఎక్కువమంది రాలేదు అంటున్నట్టే. నర్సు అప్పగింత చెప్పేటప్పుడు ‘షీ డిడింట్ డ్రింక్ మచ్’ అంటే సరిపోతుంది, ఎ వినిపించిందో లేదో అన్న అనుమానానికి తావే ఉండదు. ఇక క్వైట్ ఎ ఫ్యూ అనే మాట చూసి కొద్దిమంది అనుకునేవాళ్ళున్నారు. దానర్థం చాలామందే అని. ఈ ఏకారం మాత్రం ఎక్కువైనందుకు ఆశ్చర్యపోయే ఏకారం.

మచ్, మెనీల దగ్గరికి వద్దాం. రాశికి మచ్, లెక్కకు మెనీ. ఈ విభజన మనకేమీ కొత్త కాదు. ఎంత అన్నం, ఎన్ని ఇడ్లీలు అని అడుగుతాం. ఎన్ని అన్నం అని ఏ పిల్లాడూ అనడు. పైగా మన లెక్క ఇంగ్లీషుకంటే ఓ మెట్టు ఎక్కువ: ఎంత, ఎన్ని, ఎందరు. అలాగే కొంత, కొన్ని, కొందరు. ఇంత, ఇన్ని, ఇందరు. మనుషులకు మనం విడిగా ఒక వరుస పెట్టుకున్నాం. ఇంగ్లీషులో ఆ మర్యాద లేదు, ఇడ్లీలకూ మెనీయే, అతిథులకూ మెనీయే. మూడు గదులున్న ఇంట్లో పెరిగినవాళ్ళు రెండు గదుల ఇంట్లోకి మారినట్టు, ఎన్ని, ఎందరు రెంటినీ మెనీ గదిలో సర్దేస్తే చాలు.

అయితే హౌ మెనీ మిల్క్, హౌ మెనీ వాటర్ అని మన పిల్లలు ఎందుకంటారు? నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. పాలు, నీళ్ళు మనకు బహువచనాలు. పాలు పొంగింది అనం, పొంగాయి అంటాం. బియ్యం నిండుకున్నాయి అంటాం. అందుకే పాలమనిషి ‘ఎన్ని పాలు పోయమంటారమ్మా’ అని అడుగుతాడు. కోస్తాలో కాస్త కూర వేయించుకుంటాం, కాసిని నీళ్ళు పోయించుకుంటాం. తెలంగాణలో గింత కూర, గిన్ని నీళ్ళు. హౌ మెనీ మిల్క్ అన్న పిల్ల తెలుగు వ్యాకరణాన్ని తుచ తప్పకుండా పాటించింది. ఆ సంగతి చెప్పకుండా ఎర్ర పెన్నుతో గీత కొట్టేస్తే ఆ పిల్లకు తప్పు అర్థం కాదు, ఇంగ్లీషంటే భయం మాత్రం మిగులుతుంది. ఇంగ్లీషు దృష్టిలో నీళ్ళూ పాలూ నూనే రాశులు, మామూలుగా ఏకవచనం. లెక్క కావాలంటే పాత్రనో కొలతనో మధ్యలోకి తేవాలి: హౌ మెనీ గ్లాసెస్ ఆఫ్ మిల్క్, హౌ మెనీ లీటర్స్ ఆఫ్ వాటర్. డబ్బుదీ ఇదే కథ. ఎన్ని డబ్బులు, ఎన్ని పైసలు అనడం మనకు అలవాటు, ఇంగ్లీషు మనీకి మాత్రం మచ్. రూపాయలని పేరెత్తి చెబితేనే మెనీ.

దీనికి మించి ఇబ్బంది పెట్టే గుంపు ఇంకోటుంది. సామాన్లు, సలహాలు, వార్తలు, పరికరాలు: ఇవన్నీ మనం హాయిగా లెక్కపెట్టుకుంటాం. లగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, న్యూస్ మాత్రం ఇంగ్లీషులో రాశులే. వాటి చివర ఎస్ చేర్చకూడదు, మెనీ వాడకూడదు. ఎక్విప్‌మెంట్స్, ఫర్నిచర్స్ అన్న మాటలు మన దేశంలో టెండర్ నోటీసుల్లోనూ దుకాణాల బోర్డుల మీదా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి పిల్లలకు అవి తప్పుగా తోచవు. జుట్టు దగ్గర మటుకు రెండు భాషలూ ఒక్కలాగే ఆలోచిస్తాయి. మనకు జుట్టు రాశి, వెంట్రుకలు లెక్క. ఇంగ్లీషులో తల మొత్తానికి హెయిర్ రాశి, అన్నంలో వచ్చిన ఒక వెంట్రుక మాత్రం ఎ హెయిర్.

ఏ మాట రాశో ఏ మాట లెక్కో చెప్పే సూత్రం ఒక్కటీ లేదు, మాట మాటకూ చూసుకోవాల్సిందే. ఆ చూసుకునే వీలు మనకు కల్పించినవారిలో ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ ఒకరు. ఆయన గురించి చెప్పకుండా నేను ఈ పాఠం ముగించను. ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో 1898లో పుట్టిన ఈయన 1924లో పాఠాలు చెప్పడానికి జపాన్ వెళ్ళారు. సాహిత్యం చెప్పబోతే, విద్యార్థులకు ముందు కావలసింది భాషేనని తెలిసొచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు వాళ్ళ నిఘంటువులు మాటకు అర్థం చెబితే చాలు. ఫర్నిచర్స్ అనకూడదని వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. జపాన్ కుర్రాడికి అది ఎవరో ఒకరు చెప్పాలి. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. అందులో నామవాచకాల పక్కన లెక్కకు వచ్చేవాటికి సీ అనీ, రానివాటికి యూ అనీ గుర్తులు పెట్టారు. యుద్ధం ముగిశాక 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని మళ్ళీ వేసింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. మా అమ్మాయిల ఫోన్లలోనూ ఆ నిఘంటువు ఉంటుంది, కానీ అర్థం చూసి మూసేస్తారు. పక్కనున్న సీ, యూ చూడండమ్మా అని రోజూ పోరుతుంటాను. ఎక్స్‌పీరియన్స్ అన్న ఒక్క మాటకు రెండు గుర్తులూ కనిపిస్తాయి. పని అనుభవమైతే యూ, జీవితంలో ఎదురైన అనుభవాలైతే సీ. ఉద్యోగపు దరఖాస్తులో ‘మెనీ ఎక్స్‌పీరియన్సెస్ ఇన్ ఐసీయూ’ అని రాస్తే, ఐసీయూలో ఏవేవో సంఘటనలు జరిగాయని చదువుకుంటారు. ‘ఎ లాట్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాయాలి.

ఇక్కడ ‘మచ్ ఎక్స్‌పీరియన్స్’ అని ఎందుకు రాయకూడదని అడుగుతారు. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ మచ్‌కు ప్రశ్నల్లోనూ, కాదు లేదు అనే వాక్యాల్లోనూ ఉన్నంత చనువు మామూలు వాక్యంలో లేదు. ఐ హావ్ మచ్ వర్క్ అంటే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, ఐ హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్ అంటేనే సహజం. టూ, సో, యాజ్ లాంటి మాటలు ముందు తోడుంటే మచ్ ఎక్కడైనా ఇముడుతుంది. ఎ లాట్ ఆఫ్‌కు రాశి, లెక్క అన్న పట్టింపు లేదు కాబట్టి మాటల్లో తడుముకుంటున్నప్పుడు అదే పట్టుకోమంటాను.

టూ విషయంలో మాత్రం ఏ సడలింపూ ఇవ్వను. మన ‘చాలా’కు ఎన్నో పనులున్నాయి: చాలా మంచిది, చాలా నీళ్ళు, చాలా రోజులు. ఆ అలవాటుతో చాలా అనాల్సిన చోటల్లా టూ మచ్ అనేస్తాం. ఇంగ్లీషు టూ మన ‘అతి’. ఉండాల్సిన మోతాదు దాటిపోయిందని దాని అర్థం. షీ టుక్ ఎ లాట్ ఆఫ్ ఇన్సులిన్ అంటే ఆమెకు ఉన్న మోతాదే పెద్దది కావచ్చు. షీ టుక్ టూ మచ్ ఇన్సులిన్ అంటే పరుగెత్తాలి. టూ మెనీ టాబ్లెట్స్ అన్నా అంతే. అన్నం బాగుందని చెప్పడానికి వాడుకునే టూను వార్డు గుమ్మం బయటే వదిలి రావాలి.

లెస్, ఫ్యూయర్ల గొడవ పరీక్షలు రాసేవాళ్ళందరికీ తెలిసిందే. రాశికి లెస్, లెక్కకు ఫ్యూయర్ అని సూత్రం. ఈ సూత్రానికి ఉన్న వయసు చాలామంది అనుకునేంత పెద్దది కాదు. పాతకాలపు ఇంగ్లీషు రాజు ఆల్‌ఫ్రెడ్ 888 ప్రాంతంలో చేసిన ఒక అనువాదంలో మాటల లెక్కకు లెస్ వాడాడు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళు అలాగే నడిచింది. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన, వందకు తక్కువ కాకుండా అని చెప్పాలంటే లెస్ కంటే ఫ్యూయర్ సొంపుగానూ సరిగ్గానూ ఉంటుందని తనకు తోస్తోందని రాశాడు. ఒక మనిషి అభిరుచి తర్వాతి పుస్తకాల్లో శాసనంగా మారింది. 2008లో బ్రిటన్‌లో టెస్కో దుకాణాలవాళ్ళు పది వస్తువులు మించని కొనుగోలుదార్ల వరుస మీద బోర్డు మార్చాల్సి వచ్చింది. ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అన్నది తప్పని జనం అనడంతో లెస్సూ ఫ్యూయరూ రెండూ లేకుండా ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని పెట్టారు.

పరీక్షలో లెక్కకు ఫ్యూయరే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు అంటాను. కానీ ఎవరైనా నోట లెస్ అంటే సరిదిద్దబోవద్దు. పైగా కొలతల దగ్గర లెస్సే సరైనది. డబ్బు, దూరం, కాలం, బరువు అంకెల్లో చెప్పినా మనసు వాటిని ఒక మొత్తంగానే చూస్తుంది. అరవై కిలోల పేషెంటుకు మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గితే కిడ్నీల సంగతి చూడాలని నర్సులకు తెలుసు. అక్కడ లెస్ దాన్ థర్టీ మిల్లీలీటర్స్ అనాలి, ఫ్యూయర్ అంటే ముప్పై చుక్కలను విడివిడిగా ఏరుతున్నట్టుంటుంది. బెడ్లు, టాబ్లెట్లు, పేషెంట్లు అయితే ఫ్యూయర్.

మోస్ట్ ఆఫ్ పేషెంట్స్ అనే తప్పుకు మందు తెలుగులోనే ఉంది. ఎక్కువమంది పేషెంట్లు అంటే ఎవరైనా కావచ్చు, అది మోస్ట్ పేషెంట్స్. పేషెంట్లలో ఎక్కువమంది అంటే మనకు తెలిసిన ఒక గుంపు, మన వార్డులోవాళ్ళు. అది మోస్ట్ ఆఫ్ ది పేషెంట్స్. మన ‘లో’ వినిపించినప్పుడే ఆఫ్ ది రెండూ కలిసి రావాలి. మెనీ, సమ్, ఎ ఫ్యూ అన్నిటికీ ఇదే. పత్రికల్లో పలువురికి గాయాలు, పలు రైళ్ళు రద్దు అని చదువుతుంటాం కదా, ఆ పలు, పలువురులే సెవరల్. ఇక ‘వామిటెడ్ టూ త్రీ టైమ్స్’ అనడం మన రెండుమూడు సార్లకు అచ్చు నకలు. ఇంగ్లీషులో రెండు అంకెల మధ్య ‘ఆర్’ పడాల్సిందే, టూ ఆర్ త్రీ టైమ్స్.

చివరికి అట్టిపెట్టుకున్నది సమ్, ఎనీ. సమ్ ఉన్నదని చెప్పే వాక్యానికి, ఎనీ ప్రశ్నకూ లేదనే వాక్యానికీ అని బడిలో నేర్పుతారు. అలాగైతే వుడ్ యూ లైక్ సమ్ వాటర్ అని నీళ్ళు ఇవ్వబోతూ అడిగేది ప్రశ్నే కదా? అడిగేవాళ్ళు అవునన్న జవాబు కోరుకుంటే ప్రశ్నలోనూ సమ్మే వస్తుంది. చేతిలో గ్లాసు పట్టుకుని, కాసిని నీళ్ళు తాగుతారా అన్నట్టు.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. జాన్ హెరిటేజ్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు 20 మంది ఫ్యామిలీ డాక్టర్లతో, 224 మంది పేషెంట్లతో చేశారు దాన్ని. పేషెంటు డాక్టరు దగ్గరికి ఒక్క బాధతో రాడు, రెండు మూడు మనసులో పెట్టుకుని వస్తాడు. మొదటిది చెప్పాక మిగతావి చెప్పకుండానే లేచి వెళ్ళిపోతుంటాడు. అందుకని కొందరు డాక్టర్లను, ఎనీథింగ్ ఎల్స్ ఉందా అని అడగమన్నారు. మరికొందరిని, సమ్‌థింగ్ ఎల్స్ ఉందా అని అడగమన్నారు. మిగిలిన ప్రశ్నంతా ఒకటే. సమ్‌థింగ్ అని అడిగినచోట, చెప్పకుండా మిగిలిపోయే బాధల్లో 78 శాతం బయటికి వచ్చాయి. ఎనీథింగ్ అని అడిగిన ప్రశ్నకూ, అసలు అడగకపోయిన దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇది చదివినప్పుడు నేను ఎంతో సంతోషపడ్డాను. ఇరవై ఏళ్ళ పిల్ల పరాయి దేశంలో, పరాయి భాషలో, ముసలి పేషెంటు మంచం పక్కన నిలబడి అడిగే ఒక్క ప్రశ్నలో ఒక్క మాట మారిస్తే ఆయన దాచుకున్న బాధ బయటపడే అవకాశం ఉందంటే, ఆ మాట నేర్పడం నా బాధ్యత. ఇంకేమైనా ఉందా అని గుమ్మం వైపు అడుగేస్తూ అడిగితే మన ఆసుపత్రుల్లోనూ పేషెంటు ఏం లేదమ్మా అనే అంటాడు. ఇంకేదో చెప్పాలనుకుంటున్నారు, చెప్పండి అంటే చెబుతాడు.

ఓఈటీలో మాట్లాడే పరీక్షలో నర్సు రెండు రోల్‌ప్లేలు చేయాలి, ఎదురుగా పేషెంటు పాత్రలో ఒకరు కూర్చుంటారు. సంభాషణ ముగించేముందు ఈజ్ దేర్ సమ్‌థింగ్ ఎల్స్ యూ వుడ్ లైక్ టు టాక్ అబౌట్ అని అడిగేలా మా అమ్మాయిలచేత సాధన చేయిస్తాను. ఎనీకీ దాని చోటు ఉంది. కొత్తగా చేరిన పేషెంటును డూ యూ హావ్ ఎనీ అలర్జీస్ అని అడగాలి, సమ్ అనకూడదు. అక్కడ ఉందనో లేదనో మనం ముందే అనుకోకూడదు, ఆయన నోటితోనే తెలియాలి. సమ్ అలర్జీస్ అని అడిగితే, ఏవో ఉన్నాయని ఫైల్లో చూసే అడుగుతోంది కాబోలు అనుకుంటాడు.